పదకొండో దినం, కాలేజీ గ్రౌండ్‌లో

పీడీ ఉద్యోగమంటే మెడలో విజిల్ వేసుకుని ఎండలో నిలబడటమని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని చేరాను. చేరాక తెలిసింది, ఫిజికల్ డైరెక్టర్ అంటే కాలేజీలో ఎవరివీ కాని పనులన్నీ ఆయనవే అని. జెండా పండుగకు కర్ర పాతించాలి, పరీక్షలకు బెంచీలు మోయించాలి, పెద్దమనుషులెవరైనా వస్తే షామియానా వేయించాలి, వాళ్లు పోగానే పీకించాలి. మధ్యలో వీలు చిక్కితే ఆటలు. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, సార్, మీ సర్వీసులో మీరు సాధించిందేమిటి అని అడుగుతారు. సాధించినవి కాలేజీ అల్మారాలో కప్పుల రూపంలో ఉన్నాయి, దుమ్ము దులిపి చూసుకోండి. నేను చెడగొట్టిందొకటి చెప్తాను. అదైతే మీకు పనికొస్తుంది. అది ఒక ఫ్లెక్సీ మీద నాలుగు మాటల సంగతి.

నేను ఆర్మూర్ కాలేజీకి వచ్చేనాటికి అక్కడ కబడ్డీ ఉంది, వాలీబాల్ ఉంది, క్రికెట్ పిచ్చి ఎలాగూ ఉంది. ఫుట్‌బాల్ లేదు. నేను ఆడింది ఫుట్‌బాల్ కాబట్టి మొండిపట్టు పట్టి మొదలుపెట్టాను. గ్రౌండ్ ఒక పక్కకు వాలి ఉండేది. టాస్ గెలిచినవాడు రెండో సగంలో పల్లానికి ఆడేలా చూసుకునేవాడు. ఉదయం పూట బర్రెలు మా కన్నా ముందే వచ్చి సెంటర్లో పడుకునేవి. వాటిని లేపడం, సున్నంతో గీతలు గీయడం, గీతల పక్కన ఎర్రగుడ్డ పట్టుకుని పరిగెత్తడం, అన్నీ మా అటెండర్ భాయ్ పనులు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో కాలేజీ మొత్తంలో నాకూ ఆయనకూ తప్ప తెలియదు. దాని మీద మా ఇద్దరికీ కూడా ఏ రోజూ కుదిరేది కాదు.

మొదటి ఏడు పదకొండు జెర్సీలు తెప్పిస్తే, పదకొండో నంబరుది బడిపిల్లల సైజు వచ్చింది. ఎవరికీ భుజాలు దిగలేదు. వాపసు పంపుదామనుకుంటుంటే ఆలూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. కట్టెపుల్లలా ఉండేవాడు. జెర్సీ తొడిగితే కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఎడమకాలి ఆటగాడు. ఆ రోజు నుంచి అతని పేరు పదకొండు. ఉర్దూ మాట్లాడేవాళ్లకు గ్యారా. హాజరుపట్టీలో తప్ప అసలు పేరు ఇంకెక్కడా వినపడేది కాదు. నిజం చెప్పాలంటే కొన్నాళ్లకు నేనూ మర్చిపోయాను.

పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఇంట్లో పని చేసి నేరుగా గ్రౌండ్‌కు వచ్చేవాడు. మోచేతుల దాకా పసుపు. గీత బయటి నుంచి బంతి విసిరితే దాని మీద పది వేళ్లూ అచ్చుపడేవి. ఒకసారి అవతలి జట్టువాళ్లు, బంతికి ఏదో పూసిండ్రు సార్ అని రెఫరీకి ఫిర్యాదు చేశారు. పాపం, ఆ రెఫరీ బంతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తుమ్మి, ఆట కానివ్వమన్నాడు.

సినిమా హీరోలకు అభిమాన సంఘాలు ఉండటం మీకు తెలుసు. మా దగ్గర ఒక డిగ్రీ కుర్రాడికి అభిమాన సంఘం ఉండేది. దానికి రబ్బరు స్టాంపు కూడా ఉండేది. అధ్యక్షుడు వాళ్ల క్లాసువాడే. వాడు పది అడుగులు పరిగెత్తితే కూర్చునే రకం, కానీ గొంతు మాత్రం పక్కనున్న పెర్కిట్ దాకా వినపడేది. మ్యాచ్ ముందు గోల్ పోస్టు దగ్గర కొబ్బరికాయ కొట్టేవాడు. జిల్లా ఫైనల్ మేం ఒక్క గోల్‌తో గెలిచాం. ఆ గోల్ పదకొండుది. ఆ రోజు నిజామాబాద్ నుంచి లారీ ఎక్కి అరుచుకుంటూ వచ్చిన పిల్లలకు మర్నాటికి ఒక్కడికీ గొంతు లేదు. ఆ గోల్ ముచ్చట మా దగ్గర చాలా ఏళ్లు నడిచింది, అధ్యక్షుడు ఏటా ఆ రోజుకు మా గోల్ పోస్టు దగ్గర కొబ్బరికాయ కొట్టేవాడు.

ఆ తర్వాత అందరి కథే. డిగ్రీ అయింది, ఆటతో ఉద్యోగం వస్తుందనుకున్నాడు, రాలేదు. పొలం చూసుకున్నాడు. పసుపు ఉడికించే బాయిలర్ ఒకటి కొని సీజన్లో ఊరూరా తిప్పేవాడు. ఆలస్యంగా పెళ్లి చేసుకున్నాడు. బజార్లో నేను కనిపిస్తే ట్రాక్టర్ నడిరోడ్డు మీద ఆపి దిగి కాళ్లు మొక్కేవాడు. వెనక బస్సు హారన్ కొడుతుంటే నాకు సిగ్గేసేది. "ఒరేయ్, ముందు బండి తియ్" అనేవాణ్ని. ఆశీర్వాదం అంటే అదే.

నా సర్వీసులో ఆఖరి ఏడు, వానాకాలంలో, అతనికి కడుపులో క్యాన్సర్ అని తెలిసింది. హైదరాబాద్ తీసుకుపోయారన్నారు, మళ్లీ తెచ్చారన్నారు. పోయి చూడాలి అనుకున్నాను. ఒక ఆదివారం పరీక్ష డ్యూటీ పడింది. ఇంకో ఆదివారం బంధువుల పెళ్లి. తర్వాత తనిఖీ, తర్వాత ఆటల పోటీలు. అభిమాన సంఘం అధ్యక్షుడు అప్పటికి ఎరువుల దుకాణం యజమాని అయ్యాడు. వాడు కూడా రోజూ వాట్సాప్‌లో దండం బొమ్మలు పంపి, పని అయిపోయిందనుకున్నాడు.

మా అటెండర్ భాయ్ మాత్రం రెండుసార్లు పోయి చూసొచ్చాడు. రెండోసారి వచ్చాక స్టాఫ్ రూములో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఎట్లున్నడు భాయ్?" అన్నాను.

"ఆయన సంగతి ఎరుకే గద సార్. గాయన బీవీ ఒక్క మాట అడిగింది. గా ఫుట్‌బాల్ దోస్తులు, మూడు నాలుగు ఊర్ల మంది, నిజంగనే ఉన్నరా భాయ్, లేకుంటే ఈయన ఉత్తగనే చెప్తడా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఉన్నరమ్మా అన్న. గప్పుడామె దర్వాజ దిక్కు చూసింది సార్. నాకే షరమైంది, తల వంచుకున్న."

వచ్చే ఆదివారం తప్పకుండా పోదామన్నాను. ఆ ఆదివారం రాకముందే, గురువారం నాడు, హైదరాబాద్ దవాఖానలో పదకొండు పోయాడు. శవాన్ని ఊరికి తెచ్చిన పూటే దహనం అయిపోయింది. మా ఫోన్లలో కబురు తిరిగేసరికి అంతా ముగిసింది.

అప్పుడు చూడాలి మావాళ్ల దుఃఖం. ఎవడి స్టేటస్ చూసినా పదకొండు ఫొటోనే. ఒకడు గుండు చేయించుకుని, ఇంట్లో అడిగితే మొక్కుబడి అన్నాడట. నలభై అయిదేళ్ల మనుషులు, బట్టతలలు, బొజ్జలు, ఎరువుల దుకాణంలో యూరియా బస్తాల మీద కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి ఒక నిర్ణయానికి వచ్చారు. పదకొండో దినం ఆదివారం పడుతోంది. మధ్యాహ్నం అందరం వాళ్లింటికి పోయి, దండం పెట్టి, భోజనం చేసి రావాలి. సాయంత్రం నాలుగింటికి కాలేజీ గ్రౌండ్‌లో పాత ఆటగాళ్లతో మ్యాచ్ ఆడాలి.

"జల్ది ఫ్లెక్సీలు ఏపియ్యాలె సార్. మ్యాటర్ మీరే రాయుండ్రి. మాకు రాస్తుంటే కండ్లకు నీళ్లొస్తున్నయ్" అన్నాడు అధ్యక్షుడు.

రాయమంటే నేను రాయలేదు. అక్కడే మొదటి తప్పు. ఫ్లెక్సీ షాపులో పనిచేసే అమ్మాయికి వాయిస్ మెసేజ్ పెట్టాను. "బిడ్డా, పైన పెద్దగ పదకొండు అని పెట్టు. కింద, దినం నాడు కాలేజీ గ్రౌండ్ల మ్యాచ్, అందరు రావాలె అని పెట్టు. పొద్దు వాలే టైముకు అని రాయి." ఆ అమ్మాయి వేరే జిల్లా నుంచి వచ్చి ఏడాది కాలేదు. పదకొండు అనేది ఒక మనిషి పేరని ఆమెకు ఎలా తెలుస్తుంది?

గంటకు నమూనా పంపింది. నేను గ్రౌండ్‌లో ఎండలో ఉన్నాను, కళ్లజోడు స్టాఫ్ రూములో ఉంది. ఫోన్ తెరిస్తే కప్పు పట్టుకుని నవ్వుతున్న వాడి ఫొటో. బడిపిల్లల సైజు జెర్సీ, దాని మీద పదకొండు. నాకు అక్షరాలు కనపడలేదు, వాడే కనపడ్డాడు. బొటనవేలు బొమ్మ పంపేశాను. రాత్రికల్లా బస్టాండు దగ్గర, చౌరస్తాలో, ఆలూర్ దారిలో, అంకాపూర్‌లో, కాలేజీ గేటుకు, అన్నిచోట్లా కట్టేశారు. రోజూ వాటి కింద నుంచే నడిచాను. మావాళ్లందరిలాగే నేనూ ఫొటో చూస్తూ నడిచాను.

ఆదివారం పొద్దున పాత ఆటగాళ్లు జెర్సీలు తొడుక్కుని గ్రౌండ్‌కు వచ్చారు. ఇరవై ఏళ్లుగా పరిగెత్తలేదు కాబట్టి కాస్త ఒళ్లు వంచి చూసుకుని, ఇంటికి పోయి స్నానం చేసి, తెల్లబట్టల్లో ఆలూర్ దారి పట్టాలని వాళ్ల లెక్క. ఎర్ర జెర్సీలు బొజ్జల మీద బిగుసుకుపోయాయి. నేనూ అటెండర్ భాయ్ గీతలు చూస్తున్నాం. పదకొండున్నర దాటగానే గేటు ముందు ఒక ఆటో ఆగింది. తర్వాత రెండు. తర్వాత ట్రాక్టర్, దాని నిండా మనుషులు. ఆడవాళ్లు కూడా, చేతుల్లో కొత్త బట్టల కవర్లతో. మా మ్యాచ్‌కు ఇంత జనమా అని మొదట పొంగిపోయాను.

ఒక పెద్దాయన తువ్వాలతో మొహం తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"సార్, వంటలేడ పెట్టిండ్రు? కూసునే జాగ ఏడ?"

"ఏం వంటలే?"

"దినం వంటలు. గీడనే అన్నరు గద."

"ఎవలన్నరు?"

ఆయన నావైపు జాలిగా చూసి గేటుకున్న ఫ్లెక్సీ చూపించాడు. కళ్లజోడు పెట్టుకుని మొదటిసారి చదివాను. "పదకొండో దినం, కాలేజీ గ్రౌండ్‌లో. మధ్యాహ్నం 12 గంటలకు. అందరూ రావాలి." మ్యాచ్ అన్న మాట ఎక్కడా లేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే, "చావు ఫ్లెక్సీ మీద మ్యాచేంది, సార్‌కు నోరు జారింది అనుకొని తీసేసిన సార్. టైము మా దగ్గర దినం ఫ్లెక్సీలకు ఎప్పటికి గదే ఉంటది. మీరు చూసి ఓకే అన్నరు గద" అంది. అన్నాను. అన్నాను కాబట్టి నోరు మూసుకున్నాను.

అప్పుడే అధ్యక్షుడి ఫోన్ మోగింది. చేసింది పదకొండు బామ్మర్ది. అధ్యక్షుడు స్పీకర్ ఆన్ చేశాడు.

"అన్నా, ఏడున్నరు? మూడు వందల మందికి వండినం. ఇంటోళ్లం, పక్కోళ్లం తప్ప ఒక్కలు రాలే. ఇంత వండుడెందుకని అక్క మొదలే కొట్లాడింది. ఇగ ఇప్పుడేమంటలేదు. విస్తర్లు ఎత్తుమంటున్నది."

భాయ్ నా మొహంలోకి చూశాడు. ఆమె అడిగిన మాట ఇద్దరికీ గుర్తుంది. నిజంగానే ఉన్నారా అని అడిగిన మనిషికి, భర్త దినం నాడు ఖాళీ విస్తర్లు చూపించాను నేను. ముప్పై ఏళ్ల సర్వీసులో మ్యాచులు ఓడిపోయాను, మెమోలు తిన్నాను, ఒకసారి ఈటె విసిరించబోయి ప్రిన్సిపాల్ గారి స్కూటర్ సీటు చింపించాను. అవేవీ దీని ముందు నిలబడవు.

"విస్తర్లు ఎత్తకుండ్రి అని చెప్పు," అన్నాను. గ్రౌండ్ మధ్యలోకి పోయి విజిల్ ఊదాను. ఇంతమంది ఒక్క విజిల్‌కు నోరు మూయడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి, అదే చివరిసారి.

"తప్పు నాది," అని అరిచాను. "చదవకుండ సై అన్న. దినం గీడ కాదు, వాళ్లింట్ల. అన్నం వండుకొని గాడ ఎదురుచూస్తున్నరు. అందరం ఇప్పుడే పోవాలె. ఒక్కలు గూడ ఇంటికి మర్లద్దు."

"ముందుగాల చెప్తే సక్కగ గాడికే పోతుంటిమి గద సార్," అన్నాడు పెద్దాయన. "మా ఊరు వాళ్లూరు పక్కనే. ఆటోకు పైసలు పెట్టి ఉల్టా తిరిగొచ్చినం."

అందరూ నవ్వారు. నవ్వితే పని జరుగుతుంది, ఇది కొత్త పీడీలు రాసిపెట్టుకోవాలి. అయిదు నిమిషాల్లో ట్రాక్టర్లు తిరిగాయి. ఆటగాళ్లు బట్టలు మార్చుకుంటామన్నారు. టైం లేదు, ఎక్కండన్నాను.

"దినానికి నిక్కర్ మీద పోతరా సార్ ఎవలన్న?" అని అధ్యక్షుడు ఏడుపు మొహం పెట్టాడు.

"గా ఇంట్ల ఖాళీ విస్తర్ల కంటె నీ నిక్కరే నయం. ఎక్కు."

మేం పల్లెలో దిగేసరికి ఊళ్లోవాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు. ముందు భాయ్ స్కూటర్, వెనక నేను, మా వెనక ఎర్ర జెర్సీలు, వాటి వెనక ట్రాక్టర్లు, ఆటోలు, ఆడవాళ్లు. ఇంటి ముందు షామియానా కింద వరసగా విస్తర్లు, గాలికి లేవకుండా వాటి మీద చిన్న చిన్న రాళ్లు. ఆమె భర్త ఫొటో పక్కన కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. లోపలికి వస్తున్న మనుషులను ఒక్కొక్కరినే చూసింది. ఎంతకీ వస్తూనే ఉన్నారు.

నేను చేతులు జోడించాను. "బిడ్డా, తప్పంత నాది. ఫ్లెక్సీ..."

"ముందుగాల తినుండ్రి సార్. అన్నం సల్లగైతున్నది," అంది.

మూడు వందల మందికి వండింది మొదటి రెండు బంతులకే సరిపోయింది. అంకాపూర్ నుంచి వచ్చినవాళ్లు ఎవరినీ అడగకుండా వాళ్ల ఊరికి ఫోన్ కొట్టారు. గంటకల్లా నాటుకోడి కూర గిన్నెలు వచ్చాయి. ఆడవాళ్లు కొంగు బిగించి మళ్లీ బియ్యం కడిగారు. జెర్సీలవాళ్లు వడ్డించారు. ఎనిమిదో నంబరు పప్పు, మూడో నంబరు చారు. గోల్‌కీపర్ చేతిలో నుంచి నీళ్ల జగ్గు జారి పడితే, అప్పుడూ గిట్లనే ఇడిసిపెట్టేటోడు అని ఎవరో అన్నారు. ఆ ఇంట్లో మెల్లగా మాటలు మొదలయ్యాయి.

తిన్నాక నీడకు కూర్చుంటే ఇక గోల్ ముచ్చట రాక తప్పుతుందా. అధ్యక్షుడే ఎత్తుకున్నాడు. సెంటర్ గీత దగ్గర నుంచి కొట్టాడట. ఎనిమిదో నంబరు ఒప్పుకోలేదు. ముగ్గురిని దాటించి, గోల్‌కీపర్‌ను కూడా కింద పడేసి కొట్టాడట. గుండు చేయించుకున్నవాడు లేచి, గాల్లోకి ఎగిరి కొట్టడం ఎలాగో చూపించబోయి షామియానా తాడుకు తగులుకున్నాడు. ఆమె గడపకు ఆనుకుని అన్నీ వింది. అందరూ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మెల్లగా అంది.

"ఆయన గట్ల చెప్పలేదన్నా. పెండ్లయిన కొత్తల నాతోని చెప్పిండు. కాలు జారి పడుకుంట కొట్టిండట. బాలు ఏడికో పోతుంటే, అవతలి పిలగాని ఈపుకు తగిలి లోపలికి వోయిందట. అది నేను కొట్టలేదే, గా పిలగాడే కొట్టిండు అని నవ్వేటోడు."

అన్ని తలలూ నావైపు తిరిగాయి. ఆ రోజు నేను గోల్ వెనకే నిలబడి ఉన్నాను. వాడు జారడం చూశాను, బంతి ఆ పిల్లవాడి వీపుకు తగలడం చూశాను. రూలు ప్రకారం అది సెల్ఫ్ గోల్. నేను మ్యాచ్ రిపోర్టులో పదకొండు పేరే రాసి, ఇన్నేళ్లూ ఎవరేం చెప్పినా తల ఊపుతూ వచ్చాను. భాయ్ గొంతు సవరించుకున్నాడు. ఆయనకూ తెలుసని అప్పుడే నాకు తెలిసింది.

"ఆమె చెప్పిందే నిజం," అన్నాను.

అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. "అంటె, నేను గిన్ని ఏండ్లు కొబ్బరికాయలు కొట్టింది గా పిలగాని ఈపుకా సార్?"

ముందు భాయ్ నవ్వాడు. తర్వాత అందరం. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. చాలాసేపటికి తేరుకుని నావైపు చూసింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది.

"గోల్ ఆయన కొట్టలేదంటె నమ్మిన సార్. నాకు పానం బాగలేదని తెలిస్తే చాలు, దోస్తులందరు వస్తరు చూడు అని ఆయన అనేటోడు. గదే నమ్మలే."

అంతమంది ఉన్నాం ఆ షామియానా కింద. వాడు చెప్పింది నిజమే, మేం వచ్చాం. ఎప్పుడు వచ్చామో ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. అధ్యక్షుడు జెర్సీ అంచు పైకి లాగి మొహం దాచుకున్నాడు. ఆమె గిన్నెలో అడుగున కొంచెం అన్నం మిగిలితే గరిటెతో పోగుచేసి, ఎవలన్న తింటరా అని అడిగింది. నా కడుపు నిండిపోయి ఉంది. అయినా ముందుకు పోయి కూర్చుని విస్తరి పట్టాను.